నిరంతర సమీకరణంలో కంటెయినర్ ఇమేజ్‌ల నిర్వహణ

1.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు

- నిరంతర సమీకరణంలో కంటెయినర్ ఇమేజ్ చేసే పని ఏమిటో వివరించగలుగుతారు.
- ఎవరూ ముట్టుకోకపోయినా ఒక ఇమేజ్ ఎందుకు పనికిరాకుండా పోతుందో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
- ట్యాగ్‌కూ డైజెస్ట్‌కూ గల తేడాను, వాటిలో ఏది ఎప్పుడు వాడాలో గుర్తించగలుగుతారు.
- తెలుగులో ముద్రించే ప్రోగ్రాముకు ఇమేజ్ తయారుచేసేటప్పుడు పరీక్షించవలసిన అంశాలను పేర్కొనగలుగుతారు.
- ఒక చిన్న బృందం పాటించదగిన నిర్వహణ క్రమాన్ని రూపొందించగలుగుతారు.

1.1 పరిచయం

నందికొండ వద్ద నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. ఆనకట్ట మీద 26 క్రెస్టు గేట్లున్నాయి. కట్టడం పూర్తయి దశాబ్దాలు గడిచినా వాటి పని పూర్తికాలేదు. వరద రాకముందే వాటికి గ్రీజు పెట్టాలి, రబ్బరు సీళ్ళు చూడాలి, ఎత్తి దించి పరీక్షించాలి. ఏడాదంతా కదలని గేటు అవసరమైన రోజున కదులుతుందని ఎవరూ నమ్మకంగా చెప్పలేరు.

సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇలాంటి వస్తువు ఒకటుంది. దాని పేరు కంటెయినర్ ఇమేజ్. ఒకసారి తయారుచేస్తే చాలు, ఎప్పటికీ అదే పని చేస్తుందని మొదట్లో అందరమూ అనుకుంటాం. ఇమేజ్‌లోని ఒక్క అక్షరమూ మారకపోవచ్చు. కాని దాని చుట్టూ ఉన్న ప్రపంచం మారుతుంది. ఆ మార్పుకు తగినట్టు దానిని ఎలా చూసుకోవాలన్నదే ఈ పాఠంలోని విషయం.

పాఠమంతటా ఒకే ఉదాహరణ తీసుకుందాం. నేను పదవీ విరమణ చేసిన తరువాత కొందరు డిగ్రీ విద్యార్థులకు సెలవు రోజుల్లో ప్రోగ్రామింగ్ నేర్పాను. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు కుటుంబాల నుంచి వచ్చిన ఆ పిల్లలు ఒక చిన్న ప్రోగ్రాము రాశారు. ఒక పిల్లకాలువ కింద ఏ రైతు వంతు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో లెక్కకట్టి, ఒక్కొక్కరికి తెలుగులో ఒక చీటీ ముద్రించడం దాని పని. దానిని 'వంతుల చీటీ' అని పిలుద్దాం. చూడడానికి చిన్నదే. కాని చివరి భూముల రైతుకు వంతు తప్పితే తడి తప్పుతుంది; తడి తప్పితే పైరు తప్పుతుంది. కాబట్టి చీటీ మీది ప్రతి అంకె సరిగా ఉండి తీరాలి.

1.2 నిరంతర సమీకరణం అంటే ఏమిటి?

ఒక ప్రోగ్రామును నలుగురు కలిసి రాస్తున్నారనుకోండి. నలుగురూ నెలరోజులు విడివిడిగా రాసి, చివరిరోజున కలిపితే ఒకరి మార్పు మరొకరి మార్పును చెడగొడుతుంది. ఎక్కడ చెడిందో వెతకడానికి రాసినంత కాలం పడుతుంది. దీనికి బదులుగా ప్రతి చిన్న మార్పునూ వెంటనే ఉమ్మడి భాండారంలో కలిపి, కలిపిన ప్రతిసారీ పరీక్షలన్నీ యంత్రం చేత నడిపించే పద్ధతిని నిరంతర సమీకరణం అంటారు. వాడుకలో దీనిని 'సీఐ' అంటారు.

సీఐ సర్వర్ ప్రతిసారీ శుభ్రమైన యంత్రంతో మొదలుపెట్టాలి. నిన్నటి పరీక్ష వదిలిన ఫైళ్ళు ఇవాళ్టి పరీక్షకు సాయపడకూడదు, అడ్డుపడకూడదు. అయితే శుభ్రమైన యంత్రంలో పైథాన్ ఉండదు, మనకు కావలసిన లైబ్రరీలు ఉండవు, తెలుగు ఫాంట్లు ఉండవు. ప్రతిసారీ వాటన్నిటినీ దించుకుంటే కాలమూ, డేటా ఖర్చూ పెరుగుతాయి. అందుకే కావలసిన సరంజామానంతా ముందుగానే ఒక మూటగా కట్టి ఉంచుకుంటాం. ఆ మూటే ఇమేజ్.

1.3 ఇమేజ్, కంటెయినర్, పొరలు

ఇమేజ్ అనేది మార్చడానికి వీలులేని ఫైళ్ళ మూట. దానిని నడిపినప్పుడు ఏర్పడే, తక్కిన యంత్రం నుంచి వేరుగా ఉండే ప్రక్రియ కంటెయినర్. ఒకే ఇమేజ్ నుంచి ఎన్ని కంటెయినర్లనైనా నడపవచ్చు. పని ముగిసిన కంటెయినర్‌ను పారేసినా ఇమేజ్ చెక్కుచెదరదు.

ఈ పద్ధతిని సామాన్య ప్రోగ్రామర్లకు అందుబాటులోకి తెచ్చింది 2013 మార్చిలో వెలువడిన డాకర్. వేర్వేరు సంస్థల పనిముట్లు ఒకే రకం ఇమేజ్‌ను వాడుకోవడానికి వీలుగా 2015లో ఓపెన్ కంటెయినర్ ఇనిషియేటివ్ ఏర్పడింది. అందువల్ల డాకర్‌తో తయారుచేసిన ఇమేజ్‌ను పాడ్‌మన్ వంటి వేరే పనిముట్టుతోనూ నడపవచ్చు.

ఇమేజ్‌ను తయారుచేసే ఆదేశాలను డాకర్‌ఫైల్ అనే ఫైలులో రాస్తాం. అందులో 'ఫ్రమ్' అనే మాటతో మొదలయ్యే వరుస ఏ పునాది ఇమేజ్ మీద కడుతున్నామో చెబుతుంది. 'రన్' వరుస ఒక ఆదేశాన్ని నడుపుతుంది. 'కాపీ' వరుస మన ఫైళ్ళను లోపల పెడుతుంది. ఫైళ్ళను మార్చే ప్రతి వరుసా పాత పొరల మీద మరొక పొరను వేస్తుంది. ఈ పొరల విషయంలో మూడు సంగతులు గుర్తుంచుకోవాలి.

(అ) మారని పొరను మళ్ళీ తయారుచేయరు. ఒక వరుస మారితే దానితోబాటు దాని కింది వరుసలన్నీ మళ్ళీ నడుస్తాయి. కాబట్టి అరుదుగా మారే లైబ్రరీలను పైన, రోజూ మారే మన ప్రోగ్రామును కింద రాయాలి.

(ఆ) దాచిన పొర మోసం కూడా చేయగలదు. ప్యాకేజీల జాబితాను తాజా చేసే ఆదేశాన్ని ఒక 'రన్' వరుసలో, ప్యాకేజీలను స్థాపించే ఆదేశాన్ని మరొక వరుసలో రాశారనుకోండి. నెల తరువాత రెండో వరుసలో ఒక ప్యాకేజీ పేరు చేరుస్తారు. మొదటి వరుస మారలేదు గనుక నెలనాటి జాబితానే వాడతారు. ఆ జాబితాలోని ఫైలు సర్వర్‌లో ఇప్పుడు ఉండకపోవచ్చు. ఈ రెండు ఆదేశాలనూ ఎప్పుడూ ఒకే వరుసలో కలిపి రాయాలి.

(ఇ) కింది పొరలో పెట్టిన దానిని పై పొరలో తొలగించినా అది ఇమేజ్‌లోనే ఉంటుంది. పాస్‌వర్డు ఉన్న ఫైలును ఒక వరుసలో కాపీ చేసి తరువాతి వరుసలో చెరిపేశామని నిశ్చింతగా ఉండకూడదు. ఇమేజ్ చేతికి దొరికిన ఎవరైనా ఆ పొరను విప్పి చదవగలరు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1

1. ఇమేజ్‌కూ కంటెయినర్‌కూ తేడా ఏమిటి?
2. డాకర్‌ఫైల్‌లో ప్రోగ్రామును కాపీ చేసే వరుసను చివరలో ఎందుకు పెడతారు?

1.4 ముట్టుకోని ఇమేజ్ ఎందుకు చెడుతుంది?

'మేమేమీ మార్చలేదు, అయినా ఇవాళ పరీక్షలు ఆగిపోయాయి' అనే మాట సీఐ నడిపే ప్రతి బృందమూ ఒకనాడు అనవలసిందే. ఇటీవలి చరిత్రలోని కొన్ని ఘటనలు చూస్తే కారణాలు తెలుస్తాయి.

పునాదికి కాలం చెల్లడం: సెంటోస్ 8కు మద్దతు 2021 డిసెంబరు 31తో ముగిసింది. ఆ తరువాత నెలలో దాని ప్యాకేజీలను మామూలు సర్వర్ల నుంచి తీసి పాత సరుకుల భాండారానికి మార్చారు. ఆ పునాది మీద ఇమేజ్‌లు కడుతున్న బృందాలకు ప్యాకేజీలు దొరకక తయారీ ఆగిపోయింది. డెబియన్ 9 ప్యాకేజీలు 2023 ఏప్రిల్‌లో ఇలాగే పాత భాండారానికి వెళ్ళాయి. ఇక్కడ గమనించండి: ముందే తయారై ఉన్న ఇమేజ్ నడుస్తూనే ఉంటుంది. కొత్తగా తయారుచేయబోతేనే కుదరదు. అంటే లోపం బయటపడేది మీరు ఏదో అత్యవసరంగా మార్చవలసి వచ్చిన రోజునే.

ధ్రువపత్రాల గడువు తీరడం: సురక్షిత వెబ్‌సైట్లను నమ్మడానికి ప్రతి ఇమేజ్‌లోనూ కొన్ని మూల ధ్రువపత్రాలు ఉంటాయి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ధ్రువపత్రాలకు ఆధారంగా ఉన్న ఒక పాత మూలపత్రం గడువు 2021 సెప్టెంబరు 30న తీరింది. పాత ధ్రువపత్రాల జాబితా, పాత లైబ్రరీలు ఉన్న ఇమేజ్‌లు అంతకుముందు రోజు దాకా తెరిచిన సైట్లను ఆ రోజు నుంచి నమ్మడం మానేశాయి.

భద్రతాలోపం బయటపడడం: 2021 డిసెంబరులో జావా ప్రోగ్రాములు విరివిగా వాడే లాగ్‌ఫోర్‌జే లైబ్రరీలో తీవ్రమైన లోపం బయటపడింది. ఆ నెలలో బృందాలకు ఎదురైన మొదటి ప్రశ్న 'ఎలా బాగుచేయాలి' అన్నది కాదు. 'మా ఇమేజ్‌లలో ఎన్నింటిలో ఇది ఉంది' అన్నది. లోపల ఏముందో జాబితా రాసుకున్నవారు త్వరగా జవాబు చెప్పగలిగారు. తక్కినవారు ఒక్కొక్క మూటా విప్పి వెతుక్కున్నారు.

సరఫరాపై పరిమితి: డాకర్ హబ్ 2020 నవంబరులో, లాగిన్ కాకుండా ఇమేజ్‌లు దించుకునేవారికి ఆరు గంటలకు 100 సార్లు, ఉచిత ఖాతా ఉన్నవారికి 200 సార్లు అనే పరిమితి పెట్టింది. తరువాతి కాలంలో ఈ నిబంధనలు మారుతూ వచ్చాయి. లాగిన్ లేనివారి లెక్క నెట్‌వర్క్ చిరునామాను బట్టి ఉంటుంది గనుక, ఒకే చిరునామా నుంచి వంద మంది విద్యార్థులు పనిచేసే కళాశాలలో మీరు ఒక్కసారే దించుకున్నా పరిమితి దాటిపోయి ఉండవచ్చు.

ఈ నాలుగు ఘటనలూ చదివితే 'ఎప్పటికప్పుడు సరికొత్తదే వాడితే సరిపోతుంది కదా' అనిపిస్తుంది. ఐదో ఘటన ఆ ఆలోచనను సరిదిద్దుతుంది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఎక్స్‌జెడ్ అనే కుదింపు పనిముట్టు 5.6.0, 5.6.1 కూర్పులలో ఎవరో కావాలని దొంగదారి పెట్టారని వెల్లడించాడు. రిమోట్ లాగిన్ మామూలుకన్నా కొద్దిగా నెమ్మదించడం అతని అనుమానానికి కారణం. ఆ కూర్పులు అప్పటికి డెబియన్ పరీక్షాదశ శాఖల్లోకి చేరాయి. స్థిరమైన శాఖలోకి చేరలేదు. సరికొత్తదాని వెంట పరుగెత్తినవారు ఇబ్బందిపడ్డారు, నిలకడైన పునాది మీద ఉన్నవారు తప్పించుకున్నారు. మరీ పాతదానిలో తెలిసిన లోపాలుంటాయి, మరీ కొత్తదానిలో తెలియని లోపాలుంటాయి. నిర్వహణ అంటే ఈ రెండింటి నడుమ తెలిసి నడవడం.

1.5 ట్యాగ్, డైజెస్ట్

ఇమేజ్‌ను రెండు విధాలుగా పేర్కొనవచ్చు. మొదటిది ట్యాగ్. 'పైథాన్ 3.12 స్లిమ్' అన్నది ట్యాగ్‌తో కూడిన పేరు. ట్యాగ్ ఒక అతికించిన చీటీ వంటిది. ఇమేజ్ యజమాని దానిని ఇవాళ ఒక మూటకు, రేపు మరొక మూటకు అతికించవచ్చు. 'లేటెస్ట్' అనే ట్యాగ్ కూడా అంతే. పేరు విని అదే సరికొత్తదని నమ్మకూడదు. ఏ ట్యాగూ రాయనప్పుడు డాకర్ తనంతట తాను అనుకునే పేరు అది.

రెండోది డైజెస్ట్. ఇమేజ్ వివరాల నుంచి షా-256 అనే గణిత పద్ధతిలో లెక్కకట్టిన 64 అక్షరాల గుర్తు ఇది. ఇమేజ్‌లో ఒక్క బైటు మారినా డైజెస్ట్ మారిపోతుంది. డైజెస్ట్ రాస్తే ఎప్పటికీ అదే మూట వస్తుంది, లేదా ఏమీ రాదు. వేరొకటి మాత్రం రాదు.

ఇక్కడ ఒక చిక్కుంది. ట్యాగ్ రాస్తే మనకు తెలియకుండా పునాది మారుతుంది. నిన్న గెలిచిన పరీక్ష ఇవాళ ఓడితే, తప్పు మన ప్రోగ్రాములో ఉందో పునాదిలో ఉందో తెలియదు. డైజెస్ట్ రాస్తే పునాది మారదు. కాని దానితోపాటు దానిలోని భద్రతాలోపాలూ అలాగే ఉండిపోతాయి. వదిలేస్తే మారిపోతుంది, కట్టేస్తే పాతబడుతుంది.

దీనికి పరిష్కారం రెండింటిలో ఒకదానిని ఎంచుకోవడం కాదు. డైజెస్ట్‌తో కట్టేయాలి; ఆ కట్టును నియమిత కాలానికి ఒకసారి మనమే విప్పి, కొత్త డైజెస్ట్ రాసి, పరీక్షించి మళ్ళీ కట్టాలి. ఆ మార్పు భాండారంలో ఒక ప్రత్యేకమైన మార్పుగా నమోదవుతుంది. తరువాత ఏదైనా చెడితే, చెడిన తేదీని చూసి కారణం చెప్పవచ్చు. కొత్త డైజెస్ట్ వచ్చిందని గమనించి మార్పును ప్రతిపాదించే రెనోవేట్, డిపెండాబాట్ వంటి పనిముట్లున్నాయి. ప్రతిపాదన వాటిది, అంగీకారం మీది.

డైజెస్ట్ ఒక్కటే దాచుకుంటే చాలదు. నాగార్జునకొండ లోయ జలాశయంలో మునగబోతున్నప్పుడు 1954 నుంచి 1960 వరకు అక్కడ తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండపైకీ, అనుపుకూ తరలించి తిరిగి నిలబెట్టారు. విప్పిన కట్టడం మళ్ళీ నిలబడాలంటే ఏ రాయి ఎక్కడిదో రాసుకుని ఉండాలి. ఇమేజ్‌కూ అంతే. మూట పోయినా మళ్ళీ కట్టగలిగేలా డాకర్‌ఫైల్, లైబ్రరీల ఖచ్చితమైన కూర్పు సంఖ్యలు, అదనపు ఫైళ్ళు అన్నీ భాండారంలో ఉండాలి. ఎవరో తమ ల్యాప్‌టాప్‌లో చేత్తో తయారుచేసి పంపిన ఇమేజ్, వారు వెళ్ళిపోయిన రోజున అనాథ అవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2

3. కాలం చెల్లిన పునాది వల్ల వచ్చే ఇబ్బంది వెంటనే ఎందుకు బయటపడదు?
4. డైజెస్ట్‌తో కట్టేసిన ఇమేజ్‌ను అలాగే వదిలేస్తే కలిగే నష్టం ఏమిటి?

1.6 వంతుల చీటీ నేర్పిన పాఠం

ఇప్పుడు మా విద్యార్థుల ప్రాజెక్టులో జరిగిన పొరపాటు చెబుతాను. అది పిల్లల తప్పు కాదు, నాది.

వంతుల చీటీకి మొదట డెబియన్ పునాదిగా ఉన్న పెద్ద ఇమేజ్ వాడేవారు. పిల్లలు ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసేవారు గనుక దించుకోవడం భారమయ్యేది. నేను చూసి, ఆల్పైన్ పునాదిగా ఉన్న చిన్న ఇమేజ్‌కు మారమన్నాను. ఆల్పైన్ పునాది పది మెగాబైట్లకు లోపే ఉంటుంది. పిల్లలు ఒక్క 'ఫ్రమ్' వరుస మార్చి, తక్కినవి సరిచేశారు. సీఐలో పరీక్షలన్నీ ఆకుపచ్చగా వచ్చాయి. నేను మెచ్చుకున్నాను.

నమూనా చీటీ ముద్రిస్తే అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు వచ్చాయి. చిన్న ఇమేజ్‌లో తెలుగు ఫాంటు లేదు. మా పరీక్షలు పీడీఎఫ్ ఫైలు తయారైందా లేదా అనే చూశాయి గాని, అందులో ఏముందో చూడలేదు. ఫాంటు చేర్చాం, డబ్బాలు పోయాయి, తెలుగు వచ్చింది. పని అయిపోయిందనుకున్నాం.

ఒక విద్యార్థి ఆ చీటీని ఇంటికి తీసుకువెళ్ళి తండ్రికి చూపించాడు. ఆయన అసలు వంతు 15వ తేదీ తెల్లవారుజామున 4 గంటల నుంచి ఉదయం 10 గంటల వరకు. చీటీలో 14వ తేదీ రాత్రి 10:30 నుంచి తెల్లవారుజామున 4:30 వరకు అని ఉంది. 'ఈ కాగితం నమ్ముకుని పోతే పక్క చేనాయన వంతుల నీళ్ళు నేను పెట్టుకున్నట్టయితది. నా వంతు మొదలయ్యే యాళ్ళకు నేను ఇంటికొస్త. ఊళ్ళె కొట్లాటకు ఇంతకన్నా ఏం గావాలె?' అన్నాడట ఆయన.

కారణం ఇది. ప్రోగ్రాము సమయాన్ని అంతర్జాతీయ ప్రమాణంలో దాచి, ముద్రించేటప్పుడు భారత కాలమానానికి మారుస్తుంది. భారత కాలం అంతర్జాతీయ ప్రమాణం కన్నా 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. ఆ మార్పుకు కావలసిన కాలమండలాల వివరాలు 'టీజెడ్‌డేటా' అనే ప్యాకేజీలో ఉంటాయి. పాత పునాదిలో అది ఉంది. ఆల్పైన్ పునాదిలో దానిని విడిగా చేర్చుకోవాలి. మా ప్రోగ్రాము ఆధారపడిన వ్యవస్థ లైబ్రరీ ఆ వివరాలు దొరకనప్పుడు తప్పు అని చెప్పదు. మారు మాట్లాడకుండా అంతర్జాతీయ సమయాన్నే ఇస్తుంది.

రెండు తప్పులూ ఒకే వరుస మార్పు వల్ల వచ్చాయి. ఫాంటు లేకపోతే చీటీ పాడైందని చూడగానే తెలుస్తుంది. ఎవరూ దానిని నమ్మరు. సమయం తప్పితే చీటీ చక్కగా కనిపిస్తుంది, అందరూ నమ్ముతారు. రెండోదే ప్రమాదకరం. చీటీలు ఇంకా పంచలేదు గనుక ఎవరి తడీ తప్పలేదు. కాని దానిని పట్టుకున్నది మా పరీక్షలు కావు, తన వంతు ఎప్పుడో తెలిసిన రైతు.

1.7 తెలుగులో ముద్రించే ఇమేజ్‌కు పరీక్షలు

పై అనుభవం తరువాత మేము ప్రోగ్రాముకు వేరుగా, ఇమేజ్‌కు వేరుగా పరీక్షలు రాశాం. ఇమేజ్ పరీక్షలు ఇమేజ్ తయారైన వెంటనే నడవాలి. ఓడిపోతే ఆ ఇమేజ్ బయటికి వెళ్ళకూడదు.

ఫాంట్ల ఉనికి: డెబియన్‌లో తెలుగు ఫాంట్లకు ప్యాకేజీలున్నాయి. 'ఫాంట్స్-లోహిత్-తెలు'లో లోహిత్ తెలుగు ఉంది. 'ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా'లో పోతన, వేమన ఫాంట్లున్నాయి. 'ఫాంట్స్-తెలుగువిజయం'లో సిలికానాంధ్ర తెలుగు విజయం ప్రాజెక్టు ద్వారా వచ్చిన ఫాంట్లున్నాయి. ఇమేజ్ లోపల 'ఎఫ్‌సీ-లిస్ట్' ఆదేశంతో తెలుగుకు పనికివచ్చే ఫాంట్లు ఏవో అడగవచ్చు. జవాబు ఖాళీగా వస్తే పరీక్ష ఓడాలి.

ఒత్తుల కూర్పు: ఫాంటు ఉన్నంత మాత్రాన తెలుగు సరిగా రాదు. 'స్త్రీ', 'శ్రీశైలం', 'కృష్ణా', 'క్షేత్రం' వంటి మాటల్లో అక్షరాలను ఒకదాని కింద ఒకటి అమర్చే పని హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీది. అది లేకపోతే ఒత్తులు విడిపోయి పొల్లులతో కనిపిస్తాయి. ఇలాంటి మాటలతో ఒక పుటను ముద్రించి, మనిషి చూసి ఆమోదించిన పాత చిత్రంతో యంత్రం చేత పోల్పించాలి.

కాలమానం: అంతర్జాతీయ ప్రమాణంలో 14వ తేదీ 22:30 అన్నది భారత కాలమానంలో 15వ తేదీ 4:00 గా రావాలని పరీక్ష రాయాలి. మధ్యాహ్నపు సమయం ఎంచుకుంటే తేదీ మారదు గనుక తప్పు సగం దాగిపోతుంది. పరీక్షకు ఎప్పుడూ అంచున ఉండే విలువను ఎంచుకోండి.

అక్షర సంకేతం: ఇమేజ్‌లో యూటీఎఫ్-8 అమరిక ఉందో లేదో చూడాలి. రైతు పేరును ఫైలులో రాసి, తిరిగి చదివి, రెండూ ఒకటేనని నిర్ధారించాలి.

1.8 నిర్వహణ క్రమం

నలుగురైదుగురున్న బృందం కూడా పాటించగల క్రమం ఇది.

1) పునాది ఎంపిక. మద్దతు ఎప్పటిదాకా ఉంటుందో ముందే ప్రకటించే పునాదిని ఎంచుకోండి. ఉదాహరణకు డెబియన్ 12 2023 జూన్‌లో, డెబియన్ 13 2025 ఆగస్టులో విడుదలయ్యాయి. ఒక్కొక్క కూర్పుకు పూర్తి మద్దతు సుమారు మూడేళ్ళు, ఆపైన దీర్ఘకాల మద్దతుతో కలిపి ఐదేళ్ళు ఉంటుంది. గడువు తేదీని డాకర్‌ఫైల్ పైనే వ్యాఖ్యగా రాయండి.

2) రెండు ఇమేజ్‌లు. తయారీకి కావలసిన కంపైలర్లు, పరీక్షా పనిముట్లు ఒక ఇమేజ్‌లో ఉంచి, నడపడానికి కావలసినవి మాత్రమే మరొక ఇమేజ్‌లో ఉంచండి. 2017లో డాకర్‌లో వచ్చిన బహుళ దశల తయారీ పద్ధతితో ఒకే డాకర్‌ఫైల్‌లో ఈ పని చేయవచ్చు. లేనిదానిలో లోపం ఉండదు.

3) వారానికొక తయారీ. ప్రోగ్రాము మారినా మారకపోయినా వారానికి ఒకసారి, దాచిన పొరలు వాడకుండా ఇమేజ్‌ను మొదటినుంచి తయారుచేయించండి. పునాది చెల్లిపోతే, ప్యాకేజీ మాయమైతే తీరిక ఉన్న రోజునే తెలుస్తుంది. వరదకు ముందే గేటు ఎత్తి చూడడం ఇదే.

4) పరీక్షించిన తరువాతే పదోన్నతి. కొత్త ఇమేజ్‌కు మొదట 'పరీక్షలో ఉంది' అనే ట్యాగ్ ఇవ్వండి. ఇమేజ్ పరీక్షలు, ప్రోగ్రాము పరీక్షలు రెండూ గెలిచాకే దాని డైజెస్ట్‌ను సీఐ అమరికలో రాయండి.

5) లోపాల తనిఖీ. ట్రివీ వంటి పనిముట్టు ఇమేజ్‌లోని ప్యాకేజీలను తెలిసిన లోపాల జాబితాతో పోల్చి చెబుతుంది. జాబితా పొడవు చూసి భయపడవద్దు. సవరణ అందుబాటులో ఉన్న తీవ్రమైన లోపాలను ముందు తీసుకోండి. అదే పనిముట్టుతో ప్యాకేజీల జాబితాను తయారుచేయించి ఇమేజ్‌తోపాటు దాచండి.

6) పాతది ఉంచడం, మరీ పాతది తీయడం. వెనక్కి వెళ్ళడానికి చివరి మూడు, నాలుగు ఇమేజ్‌లు ఉంచండి. విడుదలైన ప్రోగ్రాము వాడుతున్న ఇమేజ్‌ను ఎన్నడూ తీయవద్దు. తక్కినవి తీసేయండి, నిల్వ ఖర్చు తగ్గుతుంది, పొరపాటున పాతది వాడే అవకాశమూ తగ్గుతుంది.

7) సొంత నిల్వ. మీరు వాడే పునాది ఇమేజ్ నకలును మీ సంస్థ రిజిస్ట్రీలో ఉంచుకోండి. బయటి సర్వర్ పరిమితి పెట్టినా, ఆగిపోయినా మీ పని ఆగదు.

8) బాధ్యుడి పేరు. పైవన్నీ ఎవరు చూడాలో రాసి ఉండాలి. అందరి పని ఎవరి పనీ కాకుండా పోతుంది. కాలువ మీద తూముకు ఒక లష్కర్ ఉన్నట్టే ఇమేజ్‌కు ఒక మనిషి ఉండాలి; ఆ మనిషి సెలవు పెడితే చూసేవారి పేరూ ఉండాలి.

1.9 సారాంశం

సీఐలో ప్రతి పరీక్షకూ ఒకే రకమైన శుభ్రమైన పరిసరాన్ని ఇచ్చేది కంటెయినర్ ఇమేజ్. దానిని మార్చకపోయినా పునాది గడువు, ధ్రువపత్రాల గడువు, కొత్తగా బయటపడే లోపాలు, సరఫరా పరిమితులు దానిని పనికిరాకుండా చేయవచ్చు. ట్యాగ్ మారగలదు, డైజెస్ట్ మారదు. డైజెస్ట్‌తో కట్టి, నియమిత కాలానికి తెలిసి మార్చడం సరైన పద్ధతి. పరీక్షలు ఆకుపచ్చగా వచ్చాయంటే మనం అడిగిన ప్రశ్నలకు సరైన జవాబు వచ్చిందని మాత్రమే అర్థం. అడగని ప్రశ్నల సంగతి అవి చెప్పవు. కాబట్టి ఫాంట్లు, ఒత్తులు, కాలమానం, అక్షర సంకేతం వంటివాటిని ఇమేజ్ పరీక్షల్లో తప్పక అడగాలి.

మీరు రాసే ప్రోగ్రాము అవతలి చివర ఒక మనిషి ఉంటాడు. అతను డాకర్‌ఫైల్ చూడడు, కాగితం మీది అంకెను నమ్మి అర్ధరాత్రి చేనుకు బయలుదేరతాడు. ఇమేజ్ నిర్వహణలో విసుగు కలిగినప్పుడు అతన్ని ఒకసారి తలచుకోండి.

1.10 ముఖ్యపదాలు

నిరంతర సమీకరణం: ప్రతి మార్పునూ వెంటనే ఉమ్మడి భాండారంలో కలిపి యంత్రం చేత పరీక్షింపజేసే పద్ధతి.
ఇమేజ్: ప్రోగ్రాము నడవడానికి కావలసిన ఫైళ్ళన్నీ ఉన్న, మారని మూట.
కంటెయినర్: ఇమేజ్‌ను నడిపినప్పుడు ఏర్పడే, తక్కిన యంత్రం నుంచి వేరుగా ఉండే ప్రక్రియ.
పొర: డాకర్‌ఫైల్‌లోని ఒక వరుస వల్ల ఇమేజ్‌లో చేరే ఫైళ్ళ మార్పు.
ట్యాగ్: ఇమేజ్‌కు పెట్టే, మార్చడానికి వీలున్న పేరు.
డైజెస్ట్: ఇమేజ్ నుంచి లెక్కకట్టిన, మారని గుర్తు.
రిజిస్ట్రీ: ఇమేజ్‌లను నిల్వచేసి పంపిణీ చేసే సర్వర్.

1.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి: సమాధాన సూచనలు

1. ఇమేజ్ మారని మూట. కంటెయినర్ దాని నుంచి నడిచే ప్రక్రియ. 1.3 చూడండి.
2. తరచుగా మారే వరుస పైన ఉంటే దాని కిందివన్నీ ప్రతిసారీ మళ్ళీ నడుస్తాయి.
3. తయారై ఉన్న ఇమేజ్ నడుస్తూనే ఉంటుంది. కొత్తగా తయారుచేసినప్పుడే ప్యాకేజీలు దొరకవు.
4. అందులోని భద్రతాలోపాలు సవరణ లేకుండా నిలిచిపోతాయి.

1.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మార్చని ఇమేజ్ కాలక్రమంలో ఎందుకు చెడుతుందో తగిన ఉదాహరణలతో చర్చించండి.
2. చిన్న బృందానికి తగిన ఇమేజ్ నిర్వహణ క్రమాన్ని వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ట్యాగ్, డైజెస్ట్‌ల మధ్య భేదాలు తెలపండి.
2. కాలమానం పరీక్షకు మధ్యాహ్న సమయాన్ని ఎందుకు ఎంచుకోకూడదు?
3. ఇమేజ్ పొరల్లో పాస్‌వర్డు ఉంచడం వల్ల కలిగే ప్రమాదం ఏమిటి?

III. అభ్యాసం
మీ అధ్యయన కేంద్రంలోగాని, మీ యంత్రంలోగాని ఏదైనా ఒక చిన్న ఇమేజ్‌ను నడపండి. అందులో తెలుగు ఫాంటు ఉందో లేదో, భారత కాలమానం సరిగా వస్తుందో లేదో పరిశీలించి, మీరు గమనించినవి ఒక పుటలో రాసి, మీ కౌన్సెలర్‌తో చర్చించండి.